కొలిచిందేదో, లెక్కకట్టిందేదో చెప్పు

విజయవాడ

అమ్మాయీ,

సముద్ర ప్రవాహాల మీద నీ వ్యాసం అందింది. వాక్యం బాగా నడుస్తుంది, ఆ సంగతి నీకూ తెలుసు కాబట్టి పొగడను. నాకు ఒళ్లు మండింది మూడో పేజీ దగ్గర. "కార్తీకంలో వల దక్షిణానికే గుంజుతుంది" అని నిజాంపట్నంలో మీ తాతయ్య అంటుంటారని రాశావు. ఒక్క వాక్యం. వెంటనే "ఇవన్నీ పాతకాలపు నమ్మకాలు, ఇప్పుడు సూపర్ కంప్యూటర్లు సముద్రాన్ని కళ్లకు కట్టినట్టు చూపిస్తున్నాయి" అంటూ ఆయన్ని పక్కకు నెట్టేశావు.

ఆయన చెప్పింది నమ్మకం కాదమ్మా, పరిశీలన. మన తూర్పు తీరం వెంబడి నడిచే ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. కార్తీకం ఎక్కడ పడుతుందో చూసుకో. శాస్త్రవేత్తలు ఓడల్లో తిరిగి, ఉపగ్రహాల కొలతలు చూసి తేల్చిన సంగతి మీ తాతయ్యకు వల తాడు చెప్పింది. నువ్వేమో ఇంట్లో ఉన్న మనిషిని వదిలేసి ఎక్కడో అట్లాంటిక్‌లో నడిచే గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం మీద రెండు పేజీలు రాశావు!

"కంప్యూటర్ చూపించింది" అని పేజీకోసారి రాశావు. కంప్యూటర్ ఏదీ చూడదు. సముద్రాన్ని గళ్లుగా, పొరలుగా విడదీసి, ఒక్కో గడిలో నీటి వేడి, ఉప్పు, వేగం ఎంతుంటాయో భౌతిక సూత్రాలతో లెక్క కడుతుంది. ఆ లెక్కనే మోడల్ అంటారు. గడి వంద కిలోమీటర్లదైతే అంతకన్నా చిన్న సుడి ఆ లెక్కలో లేనట్టే. దాని పనిని ఉజ్జాయింపుగా సర్దాలి. పోనీ గడి పొడవు, వెడల్పు సగం చేద్దామంటే గళ్లు నాలుగింతలవుతాయి, ఒక లెక్కకూ మరో లెక్కకూ మధ్య వ్యవధినీ సగం చేయాలి కాబట్టి పని ఎనిమిదింతలవుతుంది. ఇవేవీ చెప్పకుండా రంగురంగుల మ్యాపు పెట్టి "ఇదే సముద్రం" అంటే ఎలా?

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగువకు పోయాయి. ఆ వరద నువ్వూ చూసే ఉంటావు. హంసలదీవి దగ్గర సముద్రంలో కలిశాక ఆ నీళ్లు ఏమయ్యాయని ఎప్పుడైనా అనుకున్నావా? మంచినీళ్లు తేలిక, ఉప్పునీటి మీద పొరలా నిలుస్తాయి. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చేదాని ముందు మన కృష్ణ వాటా చిన్నదే. ఈ నదులన్నీ కలిసి పరిచే ఆ మంచినీటి పొర, అడుగునున్న చల్లటి నీళ్లను పైకి రానివ్వదు, పైన వేడి అలాగే ఉండిపోతుంది, తుపానుకు అదే బలం. నదుల నీళ్లు ఎన్ని వచ్చాయో మోడల్‌కు సరిగ్గా చెప్పకపోతే ముందు ఉప్పు లెక్క తప్పుతుంది, దాని వెనకే వేడి లెక్క.

తప్పిన లెక్కను పట్టుకునేది కొలతే. ఆర్గో ఫ్లోట్ అని ఉంది. రమారమి మనిషి ఎత్తు గొట్టం. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, వేడీ ఉప్పూ కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి పంపిస్తుంది. ఎలా పైకొస్తుంది? లోపలున్న నూనెను అడుగునున్న రబ్బరు సంచిలోకి పంపు చేస్తుంది. బరువు అంతే, సైజు పెరిగింది, తేలింది. ప్రపంచమంతా ఇలాంటివి నాలుగు వేల దాకా ఉన్నాయి. మన దేశం వదిలినవాటి కొలతలు హైదరాబాదులో ఇన్‌కాయిస్‌కు, అంటే సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రానికి చేరతాయి. వాటితోనే మోడళ్లను సరిదిద్దుకుంటారు.

నేను ఈ నూనె సంచి గురించి రాస్తే ఒక ఎడిటరుగారు "పాఠకుడికి ఇంత అక్కర్లేదండీ" అని పేరా మొత్తం కొట్టేసి, ఆ జాగాలో తిమింగలం బొమ్మ వేశాడు. నా వ్యాసంలో ఎక్కడా తిమింగలం లేదు! ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. ఆయన వారసులు మాత్రం ఇప్పుడు "షాకింగ్ నిజాలు" అని హెడ్డింగులు పెడుతున్నారు.

సముద్ర ప్రవాహాల మీద తెలుగులో పుస్తకం కోసం ఏలూరు రోడ్డు కొట్లన్నీ తిరిగిన రోజులున్నాయి. దొరక్క, విసుగొచ్చి, బందరు బస్సెక్కి గిలకలదిండి వెళ్లాను. ఒక సరంగు నన్ను పడవెక్కించుకుని, కొంత దూరం పోయాక ఇంజను ఆపి లంగరు వేశాడు. గాలి లేదు. తాడు బిగుసుకుంది, పడవ మెల్లగా తిరిగి ఒక దిక్కుకు నిలిచింది. "నీళ్లు అటునుంచొస్తున్నాయి, చూశారా" అన్నాడు. నా మొదటి వ్యాసంలో పనికొచ్చిన పేరా అదొక్కటే. తాడు చెప్పేది ఆ చోటు, ఆ పూట సంగతే, నిజమే. మిగతా సముద్రాన్ని పూరించడానికే మోడల్ కావాలి. ఎక్కడ కొలత ఆగి లెక్క మొదలైందో పాఠకుడికి చెప్పాల్సింది నువ్వు.

కలం పేరు గురించి అడిగావు, ఏదో ఒకటి పెట్టుకో. నిజాంపట్నం వెళ్లి తాతయ్య దగ్గర కూర్చో. ఏ లోతులో వల వేసేవారు, వరద వచ్చిన ఏడాది ఏమైనా తేడా కనిపించిందా, ఎప్పుడైనా వల ఎదురు తిరిగిందా, అన్నీ రాసుకో. గల్ఫ్ స్ట్రీమ్ పేజీలు తీసెయ్. దీపావళిలోపు పంపితే చదువుతాను, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.

ఆశీస్సులతో