నెల పొడిచిందని చెప్పేది ఎవరు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు రాస్తున్న ఫాంటసీ నవలలో ఒక రాజ్యం చంద్రుణ్ణి కొలుస్తుంది, అదే అక్కడి రాజ్యమతం. తెల్లబట్టల పూజారులు, వెండి గోపురాలు, పౌర్ణమి జాతర రాసేశాక ఇంకేమీ తట్టడం లేదు. మతమంతా నాటకం తెర మీద బొమ్మలా పల్చగా ఉందని మీ బాధ.

నేనూ సరిగ్గా అక్కడే ఇరుక్కున్నాను. నాలుగేళ్ళుగా ఒక నవల రాస్తున్నా (ఎప్పుడు పూర్తవుతుందని అడక్కండి). మొదటి ప్రతిలో నా చంద్రదేవతకి పన్నెండు పేజీల పురాణం ఉండేది. ఆమె కన్నీళ్ళు ముత్యాలయ్యాయి, సూర్యుడు ఆమెను మోసం చేశాడు, ఆ బెంగతో నెలనెలా చిక్కిపోతుంది, వగైరా. చదవమని ఇచ్చిన నలుగురిలో ముగ్గురు ఆ పేజీలు తిప్పేశారు. నాలుగోవాడు మా తమ్ముడు. వాడు పురాణం జోలికే పోలేదు. "అక్కా, నీ దొంగలు అర్ధరాత్రి కోట గోడ ఎక్కుతుంటే నడినెత్తిన నెలవంక ఉందన్నావు. అప్పటికది ఎప్పుడో మునిగిపోయి ఉంటుంది కదా?" అన్నాడు.

వాడన్నది నిజమే. కొత్త నెలవంక పొద్దు గుంకాక పడమట కాసేపు కనపడి, సూర్యుడి వెనకే దిగిపోతుంది. పెరిగే సగం చంద్రుడు మధ్యాహ్నం ఎక్కి అర్ధరాత్రికి దిగుతాడు. నిండు చంద్రుడు సూర్యుడు దిగుతుంటే ఎక్కుతాడు, సూర్యుడు ఎక్కుతుంటే దిగుతాడు. తరిగే నెలవంక కావాలంటే తెల్లవారుజామున లేచి తూర్పుకి చూడాలి. సగటున రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యంగా వస్తుంటాడు. చంద్రుణ్ణి దేవుడిగా కొలిచే రాజ్యంలో పసిపిల్లలకి కూడా తెలిసే విషయాలివి. నాకు తెలియలేదు.

ఆ ఉక్రోషంతో ఒక నెలంతా రోజూ డాబా ఎక్కి చంద్రుణ్ణి చూసి నోట్‌బుక్‌లో రాయాలని కూర్చున్నాను. తమ్ముడు తోడు. అమావాస్య మర్నాటి సాయంత్రం, పొద్దు గుంకి ఇరవై నిమిషాలయ్యుంటుంది. ఆకాశంలో నారింజ రంగు పోయి బూడిద రంగు కమ్ముతోంది. నాకు కనపడింది. గోటితో గీరినంత గీత. "అదిగో" అన్నాను. "ఏదీ?" అన్నాడు. "ఆ కేబుల్ తీగ పైన, జానెడు ఎత్తున" అని వేలు పెట్టి చూపించాను. వాడికి కనపడలేదు. వాడి వైపు తిరిగి మళ్ళీ చూసేసరికి నాకూ కనపడలేదు. ఆ రోజే ఒకటో తారీఖని నోట్‌బుక్‌లో రాశాను. వాడు కొట్టేసి మర్నాడు అని రాశాడు. రాత్రి భోజనాల దాకా అదే గొడవ.

నా నవలలో మతం ఆ గొడవలోంచే పుట్టింది.

మన భాషలోనే చూడండి, నెల అంటే చంద్రుడు, నెల అంటే ముప్పై రోజులు. రెంటికీ ఒకటే మాట. అంటే చంద్రుణ్ణి చేతిలో పెట్టుకున్నవాడు నెలని చేతిలో పెట్టుకున్నట్టే. నెల చేతిలో ఉంటే అద్దె, జీతం, వడ్డీ, శిస్తు, శిక్ష గడువు, అన్నీ వాడి చేతిలోనే. చంద్రుడి మీద భక్తి ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు. అది రాజ్యమతం అవ్వాలంటే మాత్రం, నెల ఈ రోజు మొదలైందని ఒకడు చెప్పాలి, తక్కినవాళ్ళు తమ కళ్ళకి కనపడకపోయినా ఒప్పుకోవాలి. నా సలహా మొత్తం ఇంతే. మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

చంద్రుడి నెల సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అంటే నెలకి 29 రోజులా, 30 రోజులా అని ప్రతిసారీ ఎవరో ఒకరు తేల్చాల్సిందే. పూర్వం యూదుల న్యాయసభ ఇది సాక్షులతో తేల్చేది. నెలవంక చూశామని వచ్చినవాళ్ళని విడివిడిగా అడిగేవారు: కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయి, ఎంత ఎత్తున ఉంది, సూర్యుడికి ఏ పక్కన ఉంది అని. మాటలు కలిస్తేనే నెల మొదలు. ఆ కబురు కొండ మీంచి కొండకి మంటలు వెలిగించి పంపేవారు. పోటీ వర్గం వాళ్ళు తప్పుడు మంటలు వెలిగించడం మొదలెట్టాక, మంటలు మానేసి మనుషుల్ని పంపాల్సి వచ్చింది. ఇది తెలిశాక నా పన్నెండు పేజీల పురాణం తీసి పక్కన పడేశాను. తప్పుడు మంట వెలిగించి ఒక రాజ్యం తేదీనే తప్పించొచ్చంటే, అంతకన్నా మంచి కథ నేనేం అల్లగలను?

అప్పుడు నా నవలలో పొడుపరి అనే ఉద్యోగం పుట్టింది. నెల పొడుపు చూసి చెప్పేవాడు. తెల్లబట్టలేం లేవు, మసిపట్టిన కంబళి, కంటికి కలికం. బురుజు మీద ఇద్దరు పొడుపరులు, ఒకరికొకరు కనపడకుండా మధ్యలో గోడ. ఇద్దరూ ఒకే మాట చెబితే గంట కొడతారు.

ఆ బురుజు కింద ఒక కుమ్మరామె నిలబడి ఉంటుంది. ఆమె బాకీ గడువు నెలాఖరు. కుండలు ఇంకా ఆవంలోనే ఉన్నాయి, రేపు పొద్దున గానీ తీయడానికి లేదు. ఈ సాయంత్రం నెల పొడిస్తే గడువు తీరినట్టే, సారె షావుకారుది అయిపోతుంది. పొడవకపోతే ఇంకో రోజు ఉంటుంది. పడమట సన్నటి మబ్బు. షావుకారు మనిషి బురుజు మెట్ల మీంచి దిగుతున్నాడు, ఎక్కేటప్పుడు చంకలో ఉన్న మూట ఇప్పుడు లేదు. ఆమె కళ్ళు మూసుకుని, దేవుడు కనపడకూడదని ఆ దేవుడికే మొక్కుకుంటోంది. నాలుగేళ్ళలో నేను రాసినవాటిలో నాకు కాస్త తృప్తినిచ్చిన పేజీ అదొక్కటే. అందులో పురాణం ఒక్క ముక్క లేదు, గమనించండి.

ఇక సంవత్సరం గొడవ. పన్నెండు చంద్రమాసాలు కలిపితే 354 రోజులే. ఋతువులు తిరిగి రావడానికి 365 పడుతుంది. ఏటా పదకొండు రోజులు జారిపోతుంటే మూడేళ్ళకి కోతల పండగ నెల ముందుకొచ్చేస్తుంది, చేలో పంట పచ్చిగానే ఉంటుంది. రెండే దార్లు. పండగల్ని ఋతువులన్నిటి గుండా తిరగనివ్వడం, లేదంటే అప్పుడప్పుడూ ఒక నెల ఎక్కువ వేయడం. నేను రెండోది తీసుకుని దానికి అప్పునెల అని పేరు పెట్టాను. పేరు పెట్టగానే ప్రశ్నలు మీద పడ్డాయి. ఏడాది లెక్కన జీతం తీసుకునే సిపాయి పదమూడో నెల ఉత్తినే పనిచేయాలా? నెల లెక్కన అద్దెకున్నవాడు పదమూడుసార్లు కట్టాలా?

బాబిలోన్ రాజు హమ్మురాబి దీనికి ఎప్పుడో జవాబు చెప్పాడు. ఈ ఏడు ఒక నెల అదనంగా వేస్తున్నామని అధికారికి ఉత్తరం రాస్తూ, శిస్తు మాత్రం ఒక నెల ఆలస్యంగా కుదరదు, ఆ అదనపు నెలలోనే బాబిలోన్ చేరాలన్నాడు. అంటే దేవుడి కోసం కాలం ఆగింది, ఖజానా కోసం ఆగలేదు! రోములోనైతే అదనపు నెల వేసే అధికారం పూజారుల చేతిలో ఉండేది. కావలసినవాళ్ళ పదవీకాలం పొడిగించడానికి, పడనివాళ్ళది కుదించడానికి వాడుకున్నారు. చివరికి లెక్క ఎంత చెడిందంటే, సీజర్ దాన్ని సరిచేసిన క్రీ.పూ. 46వ సంవత్సరం 445 రోజులు సాగింది. మీ నవలలో ప్రధాన పూజారికీ మంత్రికీ గొడవ పెట్టాలంటే అభిచారాలు, శాపాలు అక్కర్లేదు, ఈ ఒక్క నెల చాలు.

రాజుకి ఈ మతంతో పనేమిటన్నది కూడా చూసుకోండి. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో పూర్వం అక్కద్ రాజు సర్గోన్ దక్షిణాన సుమేరు నగరాల్ని జయించాక, ఊర్ నగరంలో చంద్రదేవుడు నన్నా గుడికి తన కూతురు ఎన్‌హెదువన్నాని ప్రధాన పూజారిణిగా పంపాడు. గెలిచిన ఊళ్ళో సైన్యాన్ని పెడితే ఖర్చు, కూతుర్ని గుళ్ళో పెడితే రాబడి. (అన్నట్టు అక్కడ చంద్రుడు మగదేవుడు. చంద్రుడంటే ఆడదేవతే అవ్వాలని నాకెందుకనిపించిందో ఇప్పటికీ తెలీదు.) పదిహేను వందల ఏళ్ళు దాటాక బాబిలోన్ చివరి రాజు నబోనిడస్ కూడా అదే ఊరికి తన కూతుర్ని అలాగే పంపాడు. ఆయన చంద్రదేవుడు సిన్‌కి (నన్నాకే ఇంకో పేరు) పరమభక్తుడు. హర్రాన్‌లో ఆ దేవుడి గుడి మళ్ళీ కట్టించాడు. కానీ బాబిలోన్ పెద్ద దేవుడు మర్దుక్. రాజు దాదాపు పదేళ్ళు అరేబియాలోని తైమాలో ఉండిపోవడంతో, రాజు లేనిదే జరగని కొత్త సంవత్సరం పండగ ఆగిపోయింది. క్రీ.పూ. 539లో పర్షియా రాజు సైరస్ వచ్చి, మర్దుకే నన్ను పిలిచాడని చాటించాడు. మీ రాజ్యంలో చంద్రుడికి ముందు ఎవరు పెద్ద దేవుడు? ఆ గుడి పూజారులు ఇప్పుడేం చేస్తున్నారు? వాళ్ళ మాన్యాలు ఎవరి కింద ఉన్నాయి? అందరూ ఒక్కసారిగా భక్తితో మారిపోయారని రాస్తే ఎవరూ నమ్మరు.

గ్రహణం గురించి అందరూ రాస్తారు, నేనూ రాశాను. చంద్రగ్రహణం పౌర్ణమి నాడే వస్తుంది. అంటే మీ జాతర నడుమ, జనం కిటకిటలాడుతున్నప్పుడే దేవుడు రాగి రంగుకి తిరుగుతాడు. అస్సీరియాలో చెడు గ్రహణం వస్తే సింహాసనం మీద ఒక మారు మనిషిని కూర్చోబెట్టి, అసలు రాజు చాటున ఉండేవాడు. ఆ రోజుల్లో ఆయనకి రాసే ఉత్తరాల్లో "రైతు" అని సంబోధించేవారు. గడువు తీరాక ఆ మారు రాజుని చంపేసేవారు, అరిష్టం వాడితో పోయిందని. క్రీ.పూ. 413లో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరం మీదికి దండెత్తి, వెనక్కి బయల్దేరబోతున్న ఏథెన్స్ సైన్యం, గ్రహణం పట్టిందని సేనాని నికియాస్ మాట మీద ఆగింది. ఇరవై ఏడు రోజులు ఆగాలన్నారు జోస్యులు. ఈలోగా శత్రువులు రేవు మూసేశారు, సైన్యం మొత్తం పోయింది.

ఎవరూ పెద్దగా రాయనిది సూర్యగ్రహణం. చంద్రుణ్ణి కొలిచేవాళ్ళకి అది అరిష్టం ఎందుకవుతుంది? మన దేవుడు పట్టపగలు సూర్యుణ్ణి కప్పేశాడు కదా! నా రాజ్యంలో అది అన్నిటికన్నా పెద్ద పండగ. దానికి పూజారులు ఒక రహస్య పట్టిక దాచుకుంటారు. 18 ఏళ్ళ 11 రోజులకి గ్రహణాలు మళ్ళీ అదే వరసలో వస్తాయి. అయితే ఆ లెక్కకి పైన ఇంకో ఎనిమిది గంటలు ఉంది, ఆలోగా భూమి మూడోవంతు తిరిగిపోతుంది. పట్టికలో ఉన్న గ్రహణం వస్తుంది, వేరే దేశంలో. రాజ్యమంతా నల్లగుడ్డలు కప్పుకుని ఆకాశం చూస్తూ నిలబడితే ఎండ కాస్తూనే ఉంటుంది. ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు ప్రధాన పూజారికన్నా నాకే ఎక్కువ టెన్షన్.

అమావాస్య గురించి ఒక మాట. దేవుడు లేని రాత్రి అని రాసి వదిలేశాను మొదట. తర్వాత పోటుపాట్ల సంగతి చదివాను. సముద్రం పౌర్ణమికి ఎంత పొంగుతుందో అమావాస్యకీ దాదాపు అంతే పొంగుతుంది. అంటే రేవు ఊళ్ళలో పడవవాళ్ళకి తెలుసు, దేవుడు కనపడని రాత్రి కూడా లాగుతూనే ఉన్నాడని. వాళ్ళకి పొడుపరి గంటతో పని లేదు, నీళ్ళు చూస్తే చాలు. రాజ్యమతానికి ఎదురు తిరిగే శాఖ నాకు అలా దొరికింది.

రెండు చంద్రులు పెడదామా అని మీరు అడిగారు. వద్దండి, ఒక్కదాని లెక్కకే నా నోట్‌బుక్ సగం అయిపోయింది. తిట్లు, సామెతలు మాత్రం తప్పకుండా పుట్టించండి. నా వాళ్ళు పేరుండి పలుకుబడి లేనివాణ్ణి "పగటి చంద్రుడు" అంటారు. అలాంటి మాట ఒకటి పడితే గుడి వర్ణన ఒక పేజీ తగ్గించుకోవచ్చు.

ముందు మీరూ ఒక నెల డాబా ఎక్కండి. ఒక్కరే వద్దు, మీ మాట కాదనేవాళ్ళని ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి. మా నోట్‌బుక్‌లో ఆ నెలకి ఇప్పటికీ రెండు ఒకటో తారీఖులున్నాయి. నేను చూసింది విమానం పొగ గీత అని తమ్ముడి వాదన.