25, 50, 30: మూడు కెమెరాల పెళ్లి ఫుటేజ్ ఒకే టైమ్‌లైన్‌లో

మండపం ముందు స్టాండ్ కెమెరా 25 ఎఫ్‌పీఎస్‌లో (అంటే సెకనుకు 25 ఫ్రేములు), చేతి ఊపు తెలియనివ్వని గింబల్ మీది కెమెరా 50లో, చుట్టాలబ్బాయి ఫోన్ 30లో తీశాయన్నారు. టైమ్‌లైన్ ఏ రేటులో పెట్టాలి, ఫోన్ షాట్లు జర్కు ఎందుకు కొడుతున్నాయి, వాటిలో మాట పెదవులకు ఎందుకు కలవడం లేదు అన్నది మీ ప్రశ్న. నేను ఎడిట్ చేసేవి పెళ్లి వీడియోలే. ఈ కలగలుపు మాకు మామూలే.

టైమ్‌లైన్ 25 పెట్టండి. తంతు మొత్తం ఆగకుండా తీసింది స్టాండ్ కెమెరా కాబట్టి దాని రేటే అసలు రేటు. స్మూత్‌గా ఉంటుందని 50కో 60కో వెళ్లినా లాభం లేదు, 25లో తీసినదానికి కొత్త ఫ్రేములు పుట్టవు. ఎడిటింగ్‌కి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లయితే ఫుటేజ్ తెచ్చుకోకముందే ప్రాజెక్ట్ రేటు చూసుకోండి, తర్వాత మార్చనివ్వదు.

ఇక ప్రతి షాటుకీ వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది శబ్దంతో కలవాలా, అక్కర్లేదా? జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, పంతులుగారి మంత్రం వినిపించే చోట్లు అసలు వేగంలోనే ఉండాలి. అక్కడ 50 ఫుటేజ్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఫ్రేము విడిచి ఫ్రేము తీసేస్తే సరిగ్గా 25 వస్తుంది, ఆ పని సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది. ఊరేగింపు, పూల అలంకరణ, పెళ్లికూతురు నడిచొచ్చే షాట్లకు శబ్దంతో పనిలేదు. వాటిని ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో (క్లిప్‌ని ఏ రేటుగా చదవాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే సెట్టింగ్) 25 అని చెబితే సగం వేగంలో, ఒక్క ఫ్రేమూ పోకుండా చక్కటి స్లో మోషన్ వస్తుంది.

చిక్కంతా 30తోనే. 25లోకి రావాలంటే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోవాలి. అంటే సెకనుకు ఐదుసార్లు కదలిక ఎగిరిపడుతుంది, మీకు కనిపించే జర్కు అదే. ఫోన్ కదలకుండా, మనుషులు కూర్చుని ఉన్న షాటులో ఇది దాదాపు తెలియదు. పక్కకి తిప్పుతూ తీసినదాంట్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కపక్క ఫ్రేముల్ని కలిపేసే ఫ్రేమ్ బ్లెండింగ్ పెడితే జర్కు తగ్గి, కదిలేవాటి వెనక నీడలు మొదలవుతాయి. కదలికను లెక్కకట్టి కొత్త ఫ్రేములు తయారుచేసే ఆప్టికల్ ఫ్లో మెల్లగా కదిలే సాదా షాట్లకు బాగా పనిచేస్తుంది. తలంబ్రాల మీద మాత్రం పెట్టకండి: ప్రతి గింజా ఒక్కో వైపు ఎగురుతుంటే దాని లెక్క తప్పి, బియ్యం చుట్టూ ముఖాలు సాగిపోతాయి. తలంబ్రాలు స్టాండ్, గింబల్ షాట్లతోనే నడిపించి, ఫోన్‌ని చిన్న చిన్న ముక్కలుగా మాత్రమే వాడటం నాకు నచ్చిన పద్ధతి. శబ్దం అక్కర్లేని ఫోన్ షాటునైతే ఇంటర్‌ప్రెట్‌లో 25 చేయండి. సుమారు 83 శాతం వేగంతో నడుస్తుంది, ఒక్క ఫ్రేమూ పోదు. ఆ కాస్త నెమ్మది పెళ్లి వీడియోకి అందమే.

మాట పెదవులకు కలవకపోవడం వేరే జబ్బు. రేట్లు వేరైనంత మాత్రాన శబ్దం జారదు, సాఫ్ట్‌వేర్ కాలాన్ని సరిగ్గానే పట్టుకుంటుంది. చాలా ఫోన్లు వేరియబుల్ ఫ్రేమ్ రేటులో తీస్తాయి, వెలుతురు తగ్గితే ఫ్రేముల మధ్య ఎడం మారిపోతుంది, మాట జారేది అందుకే. ఎడిట్‌లోకి తెచ్చే ముందే వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో 30 ఎంచుకుని, కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకోండి. తర్వాత క్లిప్ మొదట్లో ఒక డోలు దెబ్బనీ చివర్లో ఇంకో దెబ్బనీ స్టాండ్ కెమెరా శబ్దంతో పోల్చండి. రెండూ కలిస్తే మధ్యలో భయం లేదు.

ఫోన్ షాటులో లైట్ల చారలు కూడా కదులుతుంటే అది రేటు మార్చినా పోదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను ఉంటే మామూలు లైట్ల కింద చారలు రావు. ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లోని రికార్డ్ వీడియోలో పాల్ (25 రేటు వాడే వీడియో పద్ధతి) ఫార్మాట్లు చూపించే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే 25 దొరుకుతుంది. వచ్చే షూట్‌లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకి ముందే ఇవి సెట్ చేసి ఇవ్వండి.