గంజాయి ఒంటిని మందగింపజేసి, మనసుకు హుషారు ఎలా ఇస్తుంది?

రెండింటి వెనకా ఉన్నది సీబీ1 అనే గ్రాహకమే, అంటే నాడీకణం మీద ఉండి రసాయన సంకేతాన్ని అందుకునే ప్రొటీన్. కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియా అనే మెదడు భాగంలో ఇవి కిక్కిరిసి ఉంటాయి. సంకేతం పంపే నాడీకణం చివర ఉండి, రసాయనాల విడుదలకు బ్రేకు వేస్తాయి. మామూలుగా ఆ బ్రేకు నొక్కేది అవతలి కణం అప్పటికప్పుడు తయారుచేసి వెనక్కి పంపే 2-ఏజీ వంటి పదార్థాలు. అదీ అవసరమైన చోటే, కాసేపే. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీకి ఆ విచక్షణ లేదు, అన్నిచోట్లా గంటల తరబడి నొక్కుతుంది. అందుకే కదలికలు మందగిస్తాయి: ఎక్కువ మోతాదు ఇచ్చిన ఎలుక ముందుకాళ్లను కడ్డీ మీద పెడితే, దించుకోకుండా అలాగే ఉండిపోతుంది.

ఇక హుషారు. మనసుకు ఉత్సాహాన్నిచ్చే మెదడు రసాయనం డోపమైన్; దాన్ని విడుదల చేసే కణాలను అణచే నాడుల మీదా సీబీ1 ఉంది. అణచేవాటికే బ్రేకు పడితే డోపమైన్ పెరగక ఏం చేస్తుంది? మరి సీబీ1ను అడ్డుకుంటే? అలా అడ్డుకునే రిమొనబాంట్ 2006లో యూరప్‌లో ఊబకాయం మందుగా వచ్చింది. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల భయంతో 2008లో అమ్మకం ఆపేశారు.