పథ్యం ఉండు, గొంతు ఎండబెట్టుకోకు

చి.ల.సౌ. అమ్మడికి, రాజోలు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మకు వీసా రాలేదట. పురుడూ పథ్యమూ డాలస్‌లో నేనే చూసుకుంటానన్నావట. విని పొంగిపోయాను, ఆ రాత్రి కునుకు పట్టలేదు. సీమంతం ఫోటోలో అందరూ నీ గాజులు చూశారు, నేను పాదాలు చూశాను. ఆ వాపు ఏమిటి? రక్తపోటు చూపించుకున్నావా? తలనొప్పి ఆగకపోయినా, కళ్లు మసకబారినా తెల్లారేదాకా చూడకు, ఆసుపత్రికి వెళ్లు.

శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము దంచి, బెల్లం, నెయ్యి కలిపి కాయం చేసి పంపుతున్నాను. డాక్టరుకు చెప్పి మొదలుపెట్టు. వెల్లుల్లి కారం, బీరకాయ, పొట్లకాయ సంగతి నీకు తెలిసిందే.

నా బెంగ నీళ్ల గురించి. నువ్వు రోహిణీ కార్తెలో పుట్టావు. మూసిన గది, మంచం కింద కుంపటి, మీ అమ్మ చెవుల్లో దూది. బాలింత నీళ్లు తాగితే ఒళ్లు నీరు పడుతుందని మా నాయనమ్మ నమ్మకం, ఆవిడ మాటకు ఇంట్లో ఎదురులేదు. పూటకు గ్లాసుడు కాచిన నీళ్లు, అంతే. మొహం తుడుచుకోమని ఇచ్చిన తడిగుడ్డ కొస నోట్లో పెట్టుకుని మీ అమ్మ పీల్చడం నేను చూశాను. విరేచనం కాక, కుట్లు లాగి ఏడ్చేది. పైగా పాలు చాలడం లేదని ఇంటిల్లిపాదీ దాన్నే ఆడిపోసుకున్నారు. కాలువ గట్టున ఇల్లు, చుట్టూ లంకలు, పాలిచ్చే మనిషికి గుక్కెడు నీళ్లకు కరువు! మరచెంబుతో గోరువెచ్చని నీళ్లు తెచ్చి దిండు వెనక దాచేదాన్ని. నాయనమ్మ కనిపెట్టి నాతో మాటలు మానేసింది. చెడ్డ మనిషి కాదులే, సున్నుండల కోసం ఆ వయసులో తిరగలి విసిరిందీ ఆవిడే.

అందుకే పాలిచ్చే చోట నీళ్ల సీసా పెట్టుకో. దాహమైనప్పుడల్లా తాగు, ఫోనులో ఎవరేమన్నా సరే. బిడ్డకు మాత్రం ఆరు నెలలదాకా నీ పాలే, నీళ్లు వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకు.

పాలు పడాలని ఇక్కడ సొరచేప పుట్టు పెడతాం. అక్కడ పాలిచ్చే తల్లులు సొర తినవద్దని ప్రభుత్వమే చెబుతోంది, దానిలో పాదరసం ఎక్కువట. గోదావరి ఆడపిల్లకు సొర వద్దనడమా అని ముందు ఉడుక్కున్నాను. కానీ చంటిబిడ్డ విషయంలో పంతం ఎందుకు? తిలాపియా ఉడికించి, ముళ్లు తీసి, ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి దండిగా వేసి పుట్టులాగే పొడిపొడిగా వేయించు. పుట్టు రుచిలో సగం ఆ తాలింపుదే. పక్కవాళ్లకు వాసన వెళుతుందని తాలింపు మానేవు, కిటికీ తీసి పెట్టుకో.

ఇప్పటినుంచే అల్లుడికి చారు కాచడం నేర్పు. పచ్చి బాలింతవి పొయ్యి దగ్గర నిలబడ్డావని తెలిస్తే ఊరుకోను, ఆయనకే ఫోను చేసి నాలుగూ దులిపేస్తాను.

మీ పెద్దమ్మ