వెనక నుంచి కారు గుద్దింది, మెడ తిరగడం లేదు

టెక్సాస్‌కి వచ్చి మూడు నెలలైన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి కారు గుద్దిందట. ఆ రోజు ఏమీ లేదు, పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది. "ఈఆర్‌కి (ఎమర్జెన్సీ రూమ్‌కి) వెళ్తే బిల్లు వేలల్లో వస్తుందంటున్నారన్నా, జండూబామ్ రాసుకుని చూడనా?"

నాకూ ఒకసారి ఇలాగే అయింది. దెబ్బ తగిలిందా అని పోలీసు అడిగితే మొహమాటానికి "ఐ యామ్ ఫైన్" అన్నాను. మర్నాడు దిండు మీంచి తలని రెండు చేతులతో పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకుని అవతలి ఇన్సూరెన్స్ వాళ్లు నెలల తరబడి తిప్పారు. అందుకే "ఇప్పుడే చెప్పలేను" అను, చాలు.

నొప్పి మర్నాడు రావడం మామూలే. విప్‌లాష్ అంటారు. తల ఒక్కసారిగా ఊగి మెడ కండరాలు, లిగమెంట్లు సాగుతాయి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కానీ చేతుల్లో తిమ్మిరి, పట్టు జారడం, నడక తూలడం, మూత్రం ఆగకపోవడం, వీటిలో ఏది కనిపించినా బిల్లు సంగతి తర్వాత. వెంటనే ఈఆర్, అదీ నువ్వు డ్రైవ్ చేయకుండా.

స్కాన్ ఎవరికి తీయాలో తేల్చడానికి డాక్టర్లు కెనడియన్ సీ-స్పైన్ రూల్ (మెడ వెన్నెముక కోసం పెట్టుకున్న నియమాలు) వాడతారు. వయసు 65 వచ్చినా, కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లున్నా, ప్రమాదం పెద్దదైనా స్కాన్ తప్పదు. నీలాగా మామూలుగా వెనక నుంచి తగిలి, మెడ రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పగలిగితే చాలాసార్లు అక్కర్లేదంటారు. ఆ పరీక్ష వాళ్లనే చేయనీ. ఎముక విరిగిందా అన్నది సీటీలో తెలుస్తుంది, డిస్కు, వెన్నుపాము చూడాలంటే ఎమ్మారై.

డాక్టర్ చూడకముందు మసాజులు వద్దు. మనూళ్లో సెలూన్‌లో మెడ విరిపించుకున్నట్టు అసలే వద్దు. ఏమీ లేదని తేలాక మెడకి కాలర్ వేసుకుని కూర్చోకు, బిగుసుకుపోతుంది. మెల్లగా ఆడిస్తూ ఉండాలి, అవసరమైతే ఫిజియోథెరపీ.

కారు ఇన్సూరెన్స్ పాలసీలో పిప్ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్) ఉందేమో చూడు. తప్పెవరిదైనా వైద్యం ఖర్చు అందులో వస్తుంది, పాలసీ పరిమితి దాకా. టెక్సాస్‌లో దాన్ని వద్దనుకుంటే రాసి సంతకం పెట్టాలి. ప్రీమియం తగ్గుతుందని మనవాళ్లు చదవకుండానే పెట్టేస్తుంటారు.

అమ్మానాన్నలు కారులో ఉన్నప్పుడు ఇలా జరిగితే బయటికి లాగి మంచినీళ్లు తాగించకు. 911కి చెప్పి, మెడ కదపవద్దని వాళ్లకి చెప్పు. ఆస్పత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడిగితే ఫోన్లోనైనా ఉచితంగా ఇస్తారు. నువ్వు పక్కనుంటే అమ్మ "నొప్పేం లేదులే నాన్నా" అంటుంది.