సరుగుడు చెట్టు పైన్ జాతిదా? అసలు ఏ దేశానిది?

రామాయపట్నం బీచ్ దగ్గర చూసిన సరుగుడు తోటలు పైన్ జాతివేనా, మన దేశపు చెట్లేనా అని అడిగారు. రెండూ కాదు. మాది కావలి వైపు, సముద్రానికి దగ్గర ఊరు. మా ఇంట్లో ఎప్పటినుంచో సరుగుడు వేస్తున్నాం కాబట్టి తెలిసింది చెప్తాను.

సూదుల్లాంటి ఆకులు, కింద రాలిన గరుకు కాయలు చూస్తే ఎవరైనా పైన్ అనే అనుకుంటారు. కానీ సూదిలా కనబడేది ఆకు కాదు, సన్నటి పచ్చ రెమ్మ. ఒకటి తెంపి రెండు కొసలూ పట్టుకుని లాగండి, గణుపు దగ్గర టక్కున ఊడొస్తుంది. ఆ గణుపు చుట్టూ పళ్లలా కనిపించే పొలుసులే అసలు ఆకులు. పైన్‌కి పువ్వు ఉండదు, సరుగుడు మాత్రం పూస్తుంది. మగపూలు రెమ్మల కొసల్లో వస్తాయి, ఆడపూలు చిన్న ఎర్రటి కుచ్చుల్లా ఉంటాయి. పుప్పొడిని గాలే మోస్తుంది. కుటుంబం కాజువారినేసి, క్రమం ఫాగేలిస్. అంటే దీనికి ఓక్, అక్రోటు చెట్లు చుట్టాలు, పైన్ కాదు.

చవుడు ఇసుకలోనూ ఇంత ఏపుగా పెరగడానికి కారణం వేళ్ల మీది బుడిపెలు. వాటిలో ఉండే ఫ్రాంకియా అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. పాత తోట కింది మట్టి కాస్త తెచ్చి కొత్త నారులో కలపడం మంచి పద్ధతి. ఖర్చేమీ లేదు, చాలామంది ఎందుకు వదిలేస్తారో మరి!

సరుగుడు శాస్త్రీయ నామం కాజువారినా ఈక్విసెటిఫోలియా. దీని సొంత ప్రాంతం మయన్మార్, మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తీరాల నుంచి ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా. మన కోస్తాకి 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, ఇసుక మేటలు ఆపడం కోసం తెచ్చి నాటారు. అమెరికాలోని ఫ్లోరిడాలో అయితే దీన్ని పీకెయ్యాల్సిన కలుపుచెట్టుగా చూస్తారు.

ఇంకో సంగతి. ఇప్పుడు పేపరు మిల్లుల కోసం వేసే క్లోన్ తోటల్లో (ఎంచుకున్న చెట్టు కొమ్మల నుంచి తీసిన నారుతో వేసినవి) చాలావాటిలో జుంగ్‌హూనియానా అనే ఇండోనేషియా జాతి రక్తం కలిసి ఉంటుంది. అందుకని మీరు చూసింది ఏ జాతి అన్నది తోట పేరు వింటే తేలదు. గణుపు చుట్టూ పొలుసులు లెక్కపెట్టండి, ఫోన్ జూమ్ సరిపోతుంది. మామూలుగా ఈక్విసెటిఫోలియాకి 6 నుంచి 8, జుంగ్‌హూనియానాకి 9 నుంచి 11. సంకర క్లోన్లలో ఈ లెక్క అటూఇటూ అవుతుంది. అప్పుడు నారు కొన్న నర్సరీని అడగడమే దారి.