మా అమ్మాయి చదువుకోవడానికి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వెళ్తోంది. అక్కడ నోయాయ్ అనే పేటలో అద్దె చవక, కానీ దొంగలెక్కువ అంటున్నారు. అక్కడ ఉండనివ్వొచ్చా?

దొంగల సంగతి తర్వాత చూద్దామండీ. ముందు గోడల సంగతి కనుక్కోండి.

2021లో నేను మార్సెయ్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. నోయాయ్ పేరెత్తితే చాలు, ‘ఫోన్ జాగ్రత్త, బ్యాగు ముందుకేసుకో’ అని ఆఫీసులో అందరూ హితబోధ మొదలుపెట్టేవాళ్లు. వాళ్లలో సగం మంది అటు కాలు పెట్టి ఏళ్లయి ఉంటుంది. నేను మాత్రం ప్రతివారం అక్కడే కూరగాయలు కొన్నాను, నా జేబు జోలికి ఎవరూ రాలేదు. పారిస్‌లో వచ్చారు. కాబట్టి ఈ విషయంలో నా తీర్పు మారదు.

పాత రేవు నుంచి కాన్‌బియేర్ రోడ్డు పట్టుకుని పైకి కొంతదూరం నడిస్తే కుడిచేతి వైపు సందులన్నీ నోయాయే. మెట్రో మెట్లెక్కి బయటికి రాగానే కాపుసాన్ మార్కెట్. పుదీనా కట్టలు, బెండకాయలు, కర్రపెండలం, పచ్చిమిర్చి, తొట్లలో ఆలివ్ కాయలు. అల్జీరియా వాళ్లు, ట్యునీషియా వాళ్లు, కొమొరోస్ దీవుల వాళ్లు, సెనెగల్ వాళ్లు, అందరి బేరాలూ ఒకేసారి వినిపిస్తాయి. మూలమలుపుల్లో కుర్రాళ్లు ‘మాల్బోరో, మాల్బోరో’ అని గొణుగుతూ దొంగ సిగరెట్లు అమ్ముతుంటారు. వద్దని తలూపితే వదిలేస్తారు. మా విశాఖ పూర్ణా మార్కెట్‌లో తిరిగినవాళ్లకి ఇదేం కంగారు పెట్టే చోటు కాదు.

నేనూ అక్కడే ఉందామనుకున్నాను. ఏజెన్సీ కుర్రాడొకడు రూ దొబాన్ అనే వీధి దగ్గర సందులో ఒక ఫ్లాట్ చూపించాడు. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. మెట్ల గోడలకి కొత్తగా సున్నం, ఇంకా వాసన పోలేదు. లోపల నేలంతా మార్సెయ్ పాత ఇళ్లలో ఉండే ఆరు పలకల ఎర్ర పెంకులు. చూడ్డానికి భలే ఉంది. చేతిలో నిమ్మకాయల సంచి ఉంటే కింద పెట్టాను. ఒక కాయ బయటికి జారి, గది మధ్య నుంచి దొర్లుకుంటూ వెళ్లి కిటికీ గోడకి కొట్టుకుంది. ‘పాత ఇళ్లన్నీ ఇంతే సార్, అదే వీటి అందం’ అన్నాడు కుర్రాడు. పడకగది తలుపు చూస్తే కింది అంచు ఏటవాలుగా కోసేసి ఉంది. ఇల్లు ఒరిగి తలుపు చట్రంలో పట్టడం మానేసినప్పుడల్లా కొంచెం కోశారన్నమాట!

దిగి వస్తుంటే కింద కిరాణా కొట్టు పెద్దాయన పుదీనా మీద నీళ్లు చల్లుతున్నాడు. పై ఫ్లాట్ గురించి అడిగితే ఏమీ మాట్లాడకుండా నన్ను కొట్టు వెనక్కి తీసుకెళ్లి పైకప్పు చూపించాడు. దూలానికి రెండు ఇనప కంబాలు ఆనించి ఉన్నాయి. ఏజెన్సీ కుర్రాడికి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. వాడికి కోపం వచ్చింది, రానీ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2018 నవంబరు 5 పొద్దున ఆ రూ దొబాన్‌లోనే 63, 65 నంబర్ల ఇళ్లు కూలిపోయాయి. 63 ఖాళీగా ఉంది. 65లో మనుషులున్నారు, ఎనిమిది మంది పోయారు. తలుపులు పట్టడం లేదని, గోడలు బీటలు వారుతున్నాయని వాళ్లు ముందే మొత్తుకున్నారు. అక్టోబరులో ఒకసారి ఇల్లు ఖాళీ చేయించి, నిపుణుడు వచ్చి చూశాక అదే రోజు తిరిగి వెళ్లమన్నారు. అక్కడి ఇళ్లు మూడు కిటికీల వెడల్పుతో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. చెక్క దూలాలు పక్కింటివాళ్లతో ఉమ్మడిగా ఉన్న గోడల మీదే ఆగుతాయి. ఏళ్ల తరబడి పైపు కారి దూలం పుచ్చితే మన ఇల్లే కాదు, పక్కిల్లూ కదులుతుంది. ఆ తర్వాత నగరమంతా వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించి హోటళ్లలో పెట్టారు. కేసు విచారణ 2024లో గానీ మొదలవలేదు, తీర్పు 2025 జూలైలో వచ్చింది.

మన యూట్యూబ్ వాళ్లకి ఇవేవీ కనబడవు. రేవు, సబ్బులు, కొండ మీద చర్చి, సూర్యాస్తమయం, అయిపోయింది. ఇక బంధువులైతే ‘ఫ్రాన్స్ అన్నావుగా, ఐఫిల్ టవర్ దగ్గరేనా?’ అంటారు. హైస్పీడ్ రైలుకే మూడు గంటల పైన పడుతుందంటే నమ్మరు.

మీ అమ్మాయికి ఇవి చెప్పండి. నోయాయ్‌లో ఇల్లు అద్దెకివ్వాలంటే యజమాని ముందు అనుమతి తీసుకోవాలి, దాన్ని ‘పెర్మీ ద లూయే’ అంటారు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం చూపించమనాలి. నీళ్లు నమిలితే బయటికొచ్చేయాలి. ప్రమాదకరమని ఉత్తర్వులిచ్చిన ఇళ్ల వివరాలు నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి, వీధి పేరుతో వెతకమనండి. ప్రతి తలుపూ తెరిచి మూసి చూడాలి. కొత్త సున్నం చూసి మురిసిపోకుండా కింది కొట్టువాణ్ణి అడగాలి. ఏజెన్సీవాడు చెప్పనిది అతను చెప్తాడు. బాగు చేయించిన మంచి ఇళ్లూ ఉన్నాయి, దొరికితే నిక్షేపంగా ఉండొచ్చు.

దొరక్కపోతే వేరే చోట గది తీసుకుని కూరగాయలకి మాత్రం ఇక్కడికే రమ్మనండి. పచ్చిమిర్చి ప్లాస్టిక్ డబ్బాలో లెక్కపెట్టి అమ్మే సూపర్‌మార్కెట్లలో కొన్నారంటే స్కాలర్‌షిప్ చాలదు.